నీళ్ల నడుమ ఎర్రటి ధార

గోదావరి వైపు చమురు బావుల మీద ఇంజనీరుగా చేరిన నాటినుంచీ నాకొకటి మింగుడుపడేది కాదు. బావి పాతబడేకొద్దీ చమురు తగ్గి నీళ్లు పెరుగుతాయి. ఆ నీళ్లన్నీ పైకి తోడి, చమురు వేరుచేసి, నీటిని మళ్లీ భూమిలోకే పంపుతాం. ఆ పనేదో బావి అడుగునే జరిగితే? లోపల నీళ్లు సుడి తిరిగే గొట్టమొకటి గీశాను. బరువైన నీరు అంచులకు పోవాలి, తేలికైన చమురు మధ్యకు చేరాలి, రెండూ చెరో దారిన బయటికి రావాలి.

సెలవు పెట్టి నరసరావుపేటలో అన్నయ్య దగ్గరికి వచ్చాను. ఆయనది బోరు మోటార్లు బాగుచేసే షాపు. ఇద్దరం కలిసి గొట్టం తయారుచేసి, లోపల జరిగేది కనబడేలా అద్దంలాంటి ప్లాస్టిక్ పైపులు బిగించాం. చమురుకు బదులు వేరుశనగ నూనె పోస్తే, నీళ్లలో దాని జాడే సరిగా తెలియలేదు.

అన్నం తెచ్చిన వదిన చూసి నవ్వింది. "ఇంతదానికి దిగులేందమ్మాయ్? నూనెలో కారం కాగబెట్టి ఇస్తా, ఉండు."

వడగట్టి తెచ్చిన నూనె ఎర్రగా మెరిసింది. ఘాటుకు తుమ్ముతూనే మోటారు వేశాం. రెండు వైపులా ఒకేలా, ఎర్రటి మజ్జిగలాంటిది వచ్చింది. నీరసంగా కూర్చుండిపోయాను. కాసేపటికి తట్టింది: గొట్టంలోకి పోకముందే మోటారు రెండింటినీ చిలికేస్తోంది.

"అన్నయ్యా, మోటారు ముందుండి నెట్టకూడదు. వెనకుండి లాగాలి."

"అయితే విప్పు. చూస్తా నిలబడితే అయిద్దా?"

మార్చి బిగించి మళ్లీ వేశాం. పైపు నడుమ సన్నటి ఎర్రటి ధార నిలబడింది. చుట్టూ తేట నీళ్లు.

"పాపిట్లో కుంకం మాదిరి ఎంత బాగుందే!" అంటూ వదిన నా భుజాలు పట్టి ఊపేసింది. అన్నయ్య వీధిలోకి పరుగెత్తి పక్క షాపులవాళ్లందర్నీ పిలుచుకొచ్చాడు. వచ్చినవాళ్లకల్లా వదినే వివరించింది, నాకు మాట్లాడే సందు ఇవ్వకుండా.

మరుసటి వేసవిలో అలాంటిదే ఉక్కుతో చేయించి ఒక పాత బావిలోకి దించాం. పైకొచ్చింది సీసాలో పట్టి చూస్తే, అడుగున కాసిని నీళ్లు, మిగతాదంతా నల్లటి చమురు. మా పెద్ద ఇంజనీరు సీసాను ఎండకెత్తి చూసి, కరచాలనానికి చెయ్యి చాచారు. నా చేతులనిండా చమురే. అయినా ఆయన చాలాసేపు వదల్లేదు.