చెల్లెలి ఓటు

డెలియా టియర్నన్ ఐర్లండులో నాటకాల మనిషి. రాణి వేషం కట్టి వస్తే ముందు వరుసలో తాగి కూర్చున్నవాడు కూడా టోపీ తీసేవాడట. ఆ గొంతుతోనే ఆడవాళ్ళ ఓటు కోసం ఊరూరా అరిచింది. సంతల్లో చెక్కపెట్టె ఎక్కి మాట్లాడింది, కుళ్ళిన గుడ్ల దెబ్బలు తింది, సర్కారు భవనం కిటికీ పగలగొట్టి డబ్లిన్ జైల్లో కూర్చుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు జనం. అననీ. ఉలిపికట్టెలే లేకపోతే ఊరు ఉన్నచోటే ఉండేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమెకి ఇల్లే లొంగలేదు. చెల్లెలు స్టేసియా డ్రోహెడాలో మాంసం కొట్టు మాథ్యూ భార్య. అక్క జైలుకి వెళ్ళొచ్చాక వీధిలో ఎదురుపడితే తల తిప్పుకునేది.

పందొమ్మిది వందల పద్దెనిమిదిలో చట్టం వచ్చింది. ముప్ఫై దాటిన ఆడదానికి ఓటు. కాకపోతే ఆమెకో, మొగుడికో ఇల్లుండాలి. మంచం, కుర్చీతో సహా అద్దెకిచ్చే గదుల్లో బతికే నాటకాల మనిషికి లేదు. అంటే డెలియాకి లేదు, స్టేసియాకి ఉంది. చెట్టు నాటిన చేతికి పండు దక్కలేదు. ఆ చట్టానికి అందరూ చప్పట్లు కొట్టారని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ శరదృతువులో విషజ్వరం దేశమంతా పాకింది. నాటకశాలలు మూసేశారు. పోవడానికి చోటు లేక డెలియా పెట్టె పట్టుకుని డ్రోహెడా వచ్చింది. తలుపు తీసిన స్టేసియా పెట్టె అందుకుని, "లోపలికి రా అక్కా, చలిగా ఉంది" అంది. ఇన్నేళ్ళ కోపం అంతటితో సరి.

రొట్టెపిండి పిసికే బల్ల మీద పిండి చల్లి, వేలితో ఇంటూ గుర్తు పెట్టి చూపిస్తూ ఓటెలా వెయ్యాలో అక్క నేర్పింది.

"ఇంతకీ ఎవరికి వేస్తావే?"

"చెప్పను. రహస్యమని నువ్వేగా అన్నావు!"

మాథ్యూ అడిగినా అంతే. కాపురానికి వచ్చాక స్టేసియాకి తనదంటూ మిగిలింది ఆ ఒక్క సంగతే. దాన్ని పసిపిల్ల మిఠాయి దాచుకున్నట్టు దాచుకుని నవ్వేది.

పోలింగు ఇంకా రాకముందే జ్వరం ఆ ఇంటికి వచ్చి స్టేసియాని మంచాన పడేసింది. డెలియా పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసింది, చెంచాతో నీళ్ళు పోసింది. స్టేసియా మొహం నీలంగా మారింది. మూడోనాటికి పోయింది.

అక్కడ మనిషి పోతే శవాన్ని ఇంట్లో ఉంచుతారు. ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి పట్టుకుంటారు, టీ తాగుతారు, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుని ఏడుస్తారు, నవ్వుతారు. స్టేసియాకి అదేమీ జరగలేదు. అంటురోగమని వెంటనే పెట్టెకి మేకులు కొట్టి బండెక్కించారు. ఒక్కరూ గడప తొక్కలేదు. మాథ్యూ ఏడవకుండా కొట్టుకి వెళ్ళి కత్తులు నూరుకున్నాడు. ఆ దిక్కులేని సాగనంపుడు పగవాడికి కూడా వద్దు.

పోలింగుకి ముందు సారాకొట్టు టెరెన్స్ వచ్చాడు. ఒక పార్టీ తరఫున ఓట్లు పోగేసేవాడు.

"స్టేసియా పేరు జాబితాలో అలాగే ఉంది, డెలియమ్మా. ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళు ఓటెయ్యడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. మొహాలు ఒకటే, పైగా నువ్వు నటివి. ఆవిడ కోటు తొడుక్కుని రా చాలు!"

డెలియా వెళ్ళగొట్టలేదు. జీవితమంతా అడిగిన వస్తువు గుమ్మంలోకి వచ్చింది. మాథ్యూ భార్య కోటు తెచ్చి కుర్చీ మీద పెట్టాడు.

పోలింగు బడిలో జరిగింది. స్టేసియాలాగే కొంచెం వంగి, చిన్న అడుగులు వేస్తూ డెలియా వెళ్ళింది. పేరడిగితే స్టేసియా గొంతుతోనే చెప్పింది. బల్ల వెనక ఉన్నవాళ్ళకి నిజం తెలుసు. అయినా కాగితం చేతికిచ్చారు.

చెక్కల మరుగున పెన్సిలు పట్టుకుని నిలబడింది. ఆ కాగితం కోసమే కదా జైలు, గుడ్లు, చీదరింపులు! చెల్లెలి నడక వచ్చు, గొంతు వచ్చు. గుర్తు ఏ పేరుకి ఎదురుగా పెట్టేదో మాత్రం తెలియదు. తనకి నచ్చినచోట పెట్టవచ్చు. కానీ ఆడదాని ఓటు ఆడదానిదే, మొగుడూ వెయ్యకూడదు, అన్నా వెయ్యకూడదని ఇన్నేళ్ళు అరిచింది తనే. ఇప్పుడు అక్క వెయ్యవచ్చా? నడివేదిక మీద మాటలు మరిచిపోని మనిషి అక్కడ చెయ్యాడక ఏడ్చింది. ఆడవాళ్ళందరికీ ఓటిచ్చే చట్టం వచ్చేదాకా ఆమె బతకలేదు. పెన్సిలు చేతపట్టింది ఆ ఒక్కసారే. ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మాథ్యూ కొట్టు మూసి వంటింట్లో కూర్చున్నాడు. కోటు వంకే చూస్తూ అడిగాడు.

"ఎవరికి వేసింది వదినా?"

"చెప్పలేదయ్యా. నాకూ చెప్పకుండానే పోయింది."

మాథ్యూ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, పెళ్ళాం పోయాక మొదటిసారి, పెద్దగా ఏడ్చాడు.