రెండు జతల మధుపర్కాలు

నా వ్యాపార జీవితంలో అంత గొప్ప బేరం ఇంకొకటి లేదు. రెండు పంచలు కావాలని వచ్చిన మనిషికి, అక్కర్లేని రెండు చీరలు కూడా అంటగట్టాను. ఆ మనిషి మా సొంత బాబాయి.

రాజమండ్రిలో మాది మూడు తరాల బట్టల కొట్టు. పెళ్ళిపీటల మీద కట్టే మధుపర్కాలు చీరా పంచా జతగానే వస్తాయి. జత విడదీసి అమ్మితే కాపురం విడిపోతుందని తాతయ్య పెట్టిన నియమం. ద్రాక్షారామంలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన బాబాయి, ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం వచ్చాడు. ‘స్నేహితుడు’ అనేది మా ఇంట్లో వాడిన మాట. అసలు మాట అందరికీ తెలుసు, ఎవరూ పైకి తీయలేదు.

“రెండు పంచలివ్వరా. గురువారం ఇంట్లోనే దండలు మార్చుకుంటున్నాం.”

 ఏమనాలో తోచనప్పుడు వ్యాపారి నోరు బేరంలోకి దిగుతుంది. “జత విడదీయం బాబాయ్. తాతయ్య మాట.”

“మీ తాత నాకు నాన్నేరా! ఇద్దరిలో చీరెవరు కట్టుకోవాలంటావ్?”

“మాస్టారికి ఎర్రంచు నప్పుతుందండి,” అన్నాడు స్నేహితుడు.

నవ్వుతూనే రెండు జతలూ కొన్నారు. గుమ్మం దాటబోతూ బాబాయి ఆగాడు. “నువ్వొచ్చి ఈ బట్టలు నీ చేత్తో పెట్టరా. మా వైపు ఒక్కడైనా ఉండాలి కదా.”

“గురువారం సరుకు దిగుతుంది బాబాయ్,” అని పది శాతం వెనక్కిచ్చాను. గురువారం ఏ సరుకూ దిగలేదు. కొట్లో కూర్చుని ఈగలు తోలుకున్నాను.

తర్వాత వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆ చీరలు కిటికీలకు పరదాలై ఊగుతున్నాయి. వెళ్ళినప్పుడల్లా స్నేహితుడు పనసపొట్టు కూర వండేవాడు.

“ఆవ ఎక్కువైందయ్యా.”

“అయితే రేపట్నించి మీరే వండుకోండి మాస్టారూ.”

“ఇరవై ఏళ్ళుగా ఇదే బెదిరింపు!”

అచ్చం మా ఇంట్లో మాటలే. మా ఇంట్లో జరిగితే దాన్ని కాపురమంటాం. ఆ ఆవ ఘాటు ఇప్పటికీ ముక్కులో ఉంది.

బాబాయి పేరనున్న ఆ ఇల్లు స్నేహితుడి పేర రాయించమని ఒకసారి అన్నాను. “సొంత మనుషుల మధ్య కాగితమేంట్రా?” అని కసిరాడు బాబాయి.

మా నాన్న అప్పటికే లేడు కనక, బాబాయి పోయాక తాసిల్దారు ఆఫీసువాళ్ళ కాగితంలో వారసుడిగా ఉన్నది నేను, ఆ పెళ్ళికి వెళ్ళనివాణ్ణి. పీటల మీద పక్కన కూర్చున్న మనిషి పేరు ఎక్కడా లేదు. ఆయనే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ఖాళీ ఎప్పుడు చెయ్యమంటారు బాబూ?”

తాళాలు తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, ఇల్లు ఆయన పేర రాయడానికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాను.

“ఆయన మీకేమవుతారండి?” అన్నాడు గుమాస్తా.

“మా బాబాయిని పెళ్ళి చేసుకున్న మనిషండి.” ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

“అలాంటి కాలమ్ లేదండి. బయటి వ్యక్తి అని వేస్తాను. స్టాంపు డ్యూటీ ఎక్కువ పడుద్ది.”

జీవితంలో మొదటిసారి బేరమాడకుండా కట్టాను. ఆ పెళ్ళిని చట్టం ఒప్పుకుని ఉంటే ఇల్లు ఆయనకు నా దయ అవసరం లేకుండానే దక్కేది. నాలాంటివాడి మంచితనం మీద ఎవరి గూడూ ఆధారపడకూడదు. అది ఏపాటిదో ఆ గురువారమే తేలింది.

నిజాయితీగా లెక్క వేస్తే, నాకు మిగిలింది రెండు చీరల మీద లాభం. పోయింది, మా బాబాయి పెళ్ళి.