గంజి పారిన కొత్త నేల

విజయనగరంలో మేముంటున్న అద్దె ఇంటి కింది వాటాలో ఈ మధ్య టైల్స్ వేస్తున్నారు. తడి సిమెంటు వాసన మెట్లెక్కి మా వంటగదిలోకి వస్తోంది. రబ్బరు సుత్తితో టైలును తట్టే చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఏ గిన్నె ఉన్నా కింద పెట్టేస్తున్నాను. ఇన్నేళ్లైనా ఆ చప్పుడంటే నాకు భయమే.

నా చిన్నప్పుడు భావనపాడులో మాది మట్టినేల ఇల్లు. నానమ్మ పేడతో అలికి, ఆరీ ఆరకముందే ముగ్గేసేది. వానాకాలంలో ఆ నేల చెమర్చి, మూలనున్న ఎండుమెత్తళ్ల చేపల బుట్ట వాసనతో కలిసి ఇల్లంతా సముద్రపు వాసనేసేది. గంగమ్మ పండగకి అమ్మ అరిసెలొత్తుతుంటే ఆ చల్లటి నేలమీద బోర్లా పడుకుని నేను గచ్చకాయలాడేదాన్ని. తమ్ముడు పాకడం మొదలెట్టాక, మట్టి తింటున్నాడని నాన్న వేట డబ్బుతో పెద్దపెద్ద తెల్ల టైల్స్ తెచ్చాడు.

వేసింది మా మేనమామ అప్పన్న. గోడలు కట్టడంలో మంచి చెయ్యి, అంత పెద్ద టైల్స్ మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. ఇటుకల వరసలా ఒకదాని సగానికి ఇంకోదాని అంచు వచ్చేలా పేర్చాడు. పని అయ్యాక చూస్తే అద్దంలా ఉంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. నడిస్తే మాత్రం అక్కడక్కడ అంచు కాలికి తగిలేది.

ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం వార్చడానికి డేగిసా పట్టుకుని పెరటి గుమ్మం వైపు నడుస్తోంది. బొటనవేలు ఆ అంచుకి కొట్టుకుంది. డేగిసా ఎగిరిపడింది. మట్టినేలైతే గంజిని అక్కడే పీల్చేసుకునేది. ఈ నున్నటి నేలమీద అది పొగలు కక్కుతూ గది మధ్యకి పరుగెత్తింది, అక్కడ తమ్ముడు బోర్లా పడుకుని నవ్వుతున్నాడు. పక్కనే వల అల్లుతున్న నానమ్మ లేవలేక, కూర్చున్న చోటునుంచే రెండు కాళ్లూ చాపి, చీర కుచ్చిళ్లు కుప్పగా పోగేసి గంజికి అడ్డం పెట్టింది.

"పిల్లోణ్ణి తియ్యే!" అని అరిచింది.

వాణ్ణి ఎత్తుకుని గోడకి అతుక్కుపోయాను. వాడికి చుక్క కూడా తగల్లేదు. నానమ్మ కాళ్లు మాత్రం పాదాల నుంచి పిక్కల దాకా బొబ్బలెక్కాయి.

కబురందుకుని వచ్చిన మావయ్య గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. మంచమ్మీద నుంచి నానమ్మే, "ఊరుకోరా అప్పన్నా. నా కాలు కాలినాది, ఆడు కాలనేదు గదా. ఏడుపెందుకు, నేల సూడు," అంది.

మావయ్య మిగిలిపోయిన రెండు టైల్స్ తీసి ముఖాముఖి ఆనించాడు. మధ్యలో కలిశాయి, చివర్లలో వెలుతురు కనిపించింది. "సూసేవా బావా, నడుమ ఉబ్బుగున్నాది. దీని ఉబ్బు పక్కదాని అంచుకొచ్చి లేచిపోనాది," అని నాన్నకి చూపించి, నేలంతా పగలగొట్టేశాడు. ఈసారి కొత్త టైల్స్ తెప్పించి, ముందు పొడుగాటి అల్యూమినియం బద్ద పెట్టి అడుగునేలలో ఎత్తుపల్లాలు సరిచేశాడు. పళ్లున్న తాపీతో టైల్స్ అంటించే గమ్ము సాళ్లలా పరిచి, అంచుకి అంచు కలిపి, పక్కపక్క టైల్స్‌ని ఎత్తు తేడా రాకుండా ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించాడు. ప్రతి అంచుమీదా కళ్లు మూసుకుని అరచెయ్యి జరిపాడు.

అయినా మాలో ఎవరికీ కాలు మోపే ధైర్యం లేదు. వేళ్లతో ముందు నేలని తడుముకుంటూ గోడవారగా నడిచేవాళ్లం. అమ్మ చాలా రోజులు పెరట్లోనే వండింది. చివరికి ఒకరోజు పొగలు కక్కే డేగిసాతో గది అడ్డంగా నడిచింది. మావయ్య కళ్లు ఆమె పాదాలమీదే ఉన్నాయి. నేను తమ్ముణ్ణి ఒళ్లో అదిమిపట్టుకున్నాను. అమ్మ గుమ్మం చేరి గంజి వార్చింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఉప్పుగాలికి గోడలు చెడితే పడగొట్టి కొత్తది కట్టారు. అన్నం వార్చే డేగిసా పోయి కుక్కరొచ్చింది. నానమ్మా వెళ్లిపోయింది. చిన్నప్పుడు తమ్ముడు ఆమె కాళ్లమీది మచ్చలు చూసి, "ఇయ్యేటే నానమ్మా?" అని అడిగితే, "సముద్రంలో సేప కొరికేసిందిరా," అనేది. ఇవాళ నాతో ఫోన్లో మాట్లాడుతూ, పక్కనున్న తన కూతురికి వాడు అదే కథ చెబుతున్నాడు. కింద సుత్తి చప్పుడు మొదలైతే గిన్నె కింద పెట్టి, ఆ చేప కథ చివరిదాకా విన్నాను.