ఆ తల్లి యాల అరిచింది?

బొమ్మల పుస్తకం చదివితే ఎవురికి ఏమయితాదిలే అంటారు. మా ఇంట్లో ఒక బొమ్మల పుస్తకం చేసిన రచ్చ చూసినదాన్ని గాబట్టి ఆ మాట అన్నోళ్ళను నేను నమ్మను.

యుద్ధం జరిగే కాలం. మా నాయనకు పాకాల జంక్షన్లో పాయింట్ల దగ్గర పని. బండి వచ్చేటప్పుడు పట్టాలు మార్చేది, పచ్చజెండా పట్టుకోని నిలబడేది. మాకు స్టేషన్ పక్కనే రైల్వేవాళ్ళిచ్చిన ఒంటిగది ఇల్లు, ముందర వసారా. మాయన్న పట్టాలు వేసే మిలిటరీ పల్టన్లో చేరి అస్సాం పక్కకు పోయినాడు. అమ్మకు బాగలేదని తెలిసి సెలవు పెట్టి వచ్చినాడు. వచ్చి ఆమెను చూసినాక, "అమ్మ లేసి తిరిగితే తప్ప నేను పోయేది లేదు" అని భీష్మించుకోని కూర్చున్నాడు.

పోకపోతే ఏమయితాదో అందరికీ తెలుసు. సెలవు దాటినోళ్ళను పోలీసులు వచ్చి బేడీలేసి పట్టకపోతారు. ఆ మాట మా నాయన ఎత్తితే చాలు, "వెయ్యనీ నాయనా, నీకేం నొప్పి" అంటాడు మాయన్న. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అయిపోయింది. ఒకరు తింటే ఇంకొకరు బయటికి పోతారు.

అమ్మకు దగ్గు. మామూలు దగ్గు గాదు. ఆమె గుడ్డలు ఉతికేది నేను గదా, దగ్గితే రక్తం పడతాదని నాకొక్కదానికే తెలుసు. "మీయన్నకు చెప్పినావంటే నా మీద ఒట్టే" అనింది. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఒట్టు దాటే ధైర్యం లేదు, కడుపులో దాచుకునే ఓర్పూ లేదు. అందుకని దినామూ ఎవురో ఒకరి మీద ఎగిరి పడతా ఉంటిని.

ఆ పుస్తకాన్ని మాయన్నకు ఎవురో అమెరికా సోల్జరు ఇచ్చినాడంట. అట్టలేని పుస్తకం, లోపలంతా రంగురంగుల బొమ్మలు. ఒంటికి అతుక్కోని ఉండే గుడ్డలు, మొగానికి ముసుగు, ఈపున పసుప్పచ్చ దుప్పటి కట్టుకున్నోడొకడు ఆకాశంలో ఎగరతా ఉంటాడు. తుపాకి గుండ్లు వాని రొమ్ముకు తగిలి కింద రాలతాయి. సాయంత్రం బండి పోయినాక మాయన్న వసారాలో కూర్చోని, ఒక్కో బొమ్మ సూపించి, దాంట్లో ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెప్పేవాడు. అమ్మ వాకిలి లోపల చాప మీద పండుకోని వినేది. పక్కింటి అవ్వ వచ్చేది, గేటు కాసేటాయన పెండ్లాం గేటత్త వచ్చేది, ఇంజన్లు బాగుచేసే సాయబు మామ వచ్చేవాడు.

"ఈడు మనిషా, దేవుడా?" అని అవ్వ అడిగింది.

"మనిషే అవ్వా. కాకపోతే బలం ఎక్కువ."

"బలముంటే సరే. ఆ దుప్పటి కప్పుకోకుండా ఈపుకు కట్టుకున్నాడే, సలికి పనికిరాదు, పండుకునేదానికి పనికిరాదు" అనింది గేటత్త. అందరూ నవ్వినారు. అమ్మ కూడా నవ్వబోయి దగ్గింది. మాయన్న పుస్తకం పక్కన పెట్టేసి లోపలికి పరిగెత్తినాడు.

అట్లా నవ్వుకుంటా కథ చివరి పుటకు వచ్చినాము. ఆడ ముసుగోనికి పరీక్ష పెట్టినారు. ఒక పక్క వాళ్ళమ్మను దుర్మార్గులు ఇంట్లో కట్టేసి నిప్పు పెట్టినారు. ఇంకో పక్క వంతెన కూలిపోయింది, దాని మీదికి జనాలతో నిండిన రైలు వస్తా ఉండాది. ఈడు ఆకాశంలో నిలబడి ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. మిగతాది వచ్చే సంచికలో అని రాసి కథ నిలిపేసినారు.

"అదేందప్పా!" అని సాయబు మామ లేసి నిలబడినాడు. "మీ భారతంలో పట్టాభిషేకం దాకా వినకుండా ఎవురూ లేయకూడదంటారే. నడిమిట్ల ఇట్లా ఇడిసిపెడితే ఎట్లా?"

"తల్లి దగ్గరికే పోవాల" అనింది అవ్వ. "తల్లి పోతే మళ్ళా వస్తాదా?"

"రైల్లో ఉండేది ఎవురవ్వా? వాళ్ళూ తల్లులే గదా" అని గేటత్త లేసింది. వాళ్ళ ఇంటాయన దినామూ గేటు వేసేది రైల్లో జనం కోసమే గదా, ఆమెకు రోషం వచ్చేసింది.

ఇంత గొడవలో మా నాయన మూలన కూర్చోని బీడీ తాగతా ఉన్నాడు. మాయన్నతో మాట్లాడి ఎన్నో దినాలయింది. అట్లాంటాయన ఉన్నట్టుండి, "వానికి పని తెలీదు" అన్నాడు.

"ఎవురికి?" అన్నాడు సాయబు మామ.

"ఆ ఎగిరేటోనికి. వంతెన కూలితే ఏం చెయ్యాల? దూరంగా పోయి పట్టాల మీద టపాసు బిళ్ళలు పెట్టాల. ఎర్రజెండా నాటాల. ఇంజను చక్రం ఎక్కితే బిళ్ళ ఢామ్మంటాది, డ్రైవరు బండి నిలిపేస్తాడు. ఆ పని చేసేసి తల్లి దగ్గరికి పోతే ఎవురొద్దన్నారు? అంత బలం పెట్టుకోని రెండు బిళ్ళలు పెట్టేదానికి ఏం రోగం?"

సాయబు మామ "వాహ్ అప్పా!" అని చప్పట్లు కొట్టినాడు. రైల్వే మనుషులు, దేవుడు దిగి వచ్చినా డ్యూటీ సరిగ్గా చేస్తాడా లేదా అనే చూస్తారు. అందరం పకపకా నవ్వినాము.

మాయన్న నవ్వలేదు. "ఆ బిళ్ళలూ జెండాలూ నాకు తెలీదు నాయనా. నేనైతే అమ్మ దగ్గరికే పోతా. రైలు ఏట్లో పడినా సరే" అన్నాడు.

మా నాయన బీడీ నేలకేసి నలిపినాడు. ముసుగోని కథ ఎప్పుడో అయిపోయింది, ఇది మా ఇంటి కథ అని అందరికీ తెలిసిపోయింది. నాకైతే ఆ పుస్తకం లాక్కోని పొయ్యిలో పెట్టెయ్యాలనిపించింది.

అప్పుడు లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది. "రేయ్, ఆ బొమ్మలో ఆ తల్లి ఏమంటా ఉండాది?"

మాయన్న పుస్తకం ఎత్తి చూసినాడు. "కాపాడు నాయనా అని అరస్తా ఉండాది మా."

"యాల అరిచింది?"

"యాల అంటే? ఇల్లు కాలతా ఉంటే అరవదా?"

"నోరు మూసుకోని ఉండుంటే ఆ బిడ్డకు ఈ పరీక్ష వచ్చేది కాదు గదా" అనింది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మనిషివమ్మా నువ్వు" అని అరిచేసి పెరట్లోకి పోయినాను. ఆమె ఏం చెయ్యబోతా ఉండాదో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

తెల్లారి అమ్మ లేసి పొయ్యి ముట్టించింది. సంగటి కెలికింది. మాయన్న ముందర నిలబడి వడ్డించింది. మొగాన పసుపు, నుదుటన ఇంత కుంకుమ. దగ్గు లేదు. మాయన్న మొగం చూడాల, చంటిబిడ్డ మాదిరి వెలిగిపోయింది. "చూసినావా నాయనా, నేనుంటే అమ్మకు నయమైంది" అన్నాడు. మా నాయన ఆమె పక్క చూసి తలొంచుకున్నాడు.

దగ్గు యాడికి పోతాది? ఆమె బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోని ఉండేది. ఆ వగరు మింగతా దగ్గును గొంతులోనే నొక్కేసేది. ఆగకపోతే చేద తీసుకోని బావి కాడికి పోయేది. "చెప్పేస్తా" అని నేను బెదిరిస్తే, నా రెట్ట పట్టుకోని గోళ్ళు దిగేట్టు నొక్కేది. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి, అంత బలం యాడిదో.

సెలవు ముగిసే దినం మాయన్న పెట్టె సర్దుకున్నాడు. కాట్పాడి పోయే బండికి అందరం పోయినాము. ప్లాట్‌ఫారం కొసన, పాయింట్ల దగ్గర, మా నాయన డ్యూటీలో ఉన్నాడు. బండి వచ్చింది. వచ్చి కదలదే! ఇంజను నీళ్ళు పట్టుకుంటానే ఉండాది. అమ్మ నా చెయ్యి పట్టుకోని ఉన్నింది. ఆమె గొంతు నరాలు ఉబ్బి కనపడతా ఉండాయి. నీళ్ళు పట్టింది చాల్లేరా, కదిలించండ్రా అని లోపల్లోపల తిట్టుకుంటా ఉన్నాను.

బండెక్కిన మాయన్న కిందికి దిగి మళ్ళా వచ్చినాడు. "మా, పొయ్యేదా?"

అమ్మ తలూపింది.

"నోటితో చెప్పు మా. ఒక్క మాట చెప్పు."

నోరు తెరిస్తే ఏమయితాదో ఆమెకు తెలుసు. వాని తల మీద చెయ్యి పెట్టింది, నవ్వింది. మాట రాలేదు. మాయన్న మొగం వాడిపోయింది. అలిగిందనుకున్నాడు, ఇడిసిపెట్టి పోతా ఉండానని కోపం చేసుకునిందనుకున్నాడు. ఇంజను కూత వేసింది. వాడు ఎక్కినాడు.

బండి కదిలింది. మా నాయన పచ్చజెండా చాపి నిలబడినాడు. రైలు పెట్టెలన్నీ మమ్మల్ని దాటి పాయింట్ల మీదికి ఎక్కతా ఉన్నాయి. సగం పోయేటప్పటికే అమ్మ నా భుజం మీద వాలి దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. నా రైక తడిసింది. ఆడ నిలబడిన మా నాయనకు అంతా కనపడతా ఉండాది. చివరి పెట్టె దాటేదాకా జెండా దించకూడదు. దించలేదు. దాటినాక పరిగెత్తి వచ్చి, చేతిలో ఉన్న ఆ జెండాతోనే అమ్మ నోరు తుడిచినాడు.

ఆ ఏటి వానల్లోనే అమ్మ పోయింది.

యుద్ధం అయిపోయినాక మాయన్న వచ్చినాడు. యాడ సంపాదించినాడో, ఆ కథ మిగతా సంచిక తెచ్చినాడు. సాయబు మామ, అవ్వ, గేటత్త వచ్చి ఎప్పటి మాదిరే వసారాలో కూర్చున్నారు. మొదలుపెట్టిన కథ ముగించాల గదా. ముసుగోడు రెండు పక్కలా కాపాడినాడు. రైలును చేతులడ్డం పెట్టి నిలిపినాడు, తల్లిని మంటల్లోంచి ఎత్తుకొచ్చినాడు. ఎవురూ నవ్వలేదు, ఎవురూ మెచ్చుకోలేదు.

"అమ్మ ఆ దినం నాతో ఒక్క మాట అనలేదు. కోపంతోనే పోయింది" అన్నాడు మాయన్న, పుస్తకం మూసేసి.

ఒట్టు పెట్టినామె లేదింక. "కోపం గాదు రా. బుగ్గన కరక్కాయ ఉన్నింది" అని చెప్పినాను. ఆ గుడ్డల సంగతి, బావి సంగతి, అన్నీ చెప్పినాను. మా నాయన అటు తిరిగి కూర్చున్నాడు.

మాయన్న లేసి లోపలికి పోయినాడు. పొయ్యి పక్క గూట్లో చెయ్యి పెట్టి తడిమినాడు. బూజు పట్టిన కరక్కాయ ఒకటి దొరికింది. పంచెకు తుడిచి, కొరికి, బుగ్గన పెట్టుకున్నాడు. వగరుకు మొగం చిట్లించినాడు గాని ఉమ్మలేదు.