బోణీ వేళ అడగబోయిన గుడ్డ

మా కొడుకు పనిచేసే ఫ్యాక్టరీలో సగం మందిని ఇళ్లకు పంపిన వారమది. వాడి పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊళ్లో వాన లేక శెనక్కాయ విత్తనమే పడలేదు. ఆపగలిగిన ఖర్చులన్నీ ఆపాలని నేనూ నా భార్యా అనుకున్నాం. వాటిని డైరీలో వరుసగా రాశాను. మొదటిది, దర్జీకిచ్చిన రెండు చొక్కాల గుడ్డ వెనక్కి తెచ్చుకోవడం.

మరునాడు పొద్దున కదిరి బజారులో అతని అంగడికి పోయాను. ముప్పై ఏళ్లుగా నా కొలతలు ఎరిగిన సాయిబు. అంగడి ముందు ఆటో ఆగి ఉంది. పాత సామాన్లు కొనే మనిషి కుట్టుమిషన్ చక్రం తిప్పి చూస్తున్నాడు.

“ఏమన్నా, ఇంగ ఎంతసేపు? ఆటో వాడు అరుస్తాండాడు,” అన్నాడతను.

“తొమ్మిది దాకా అని చెప్పినా కదప్పా. బోణీ అయితే మిషన్ ఈడనే ఉంటాది. కాకపోతే ఎత్తుకుపో,” అన్నాడు దర్జీ. అంతలో నన్ను చూసి లేచాడు. “రాండి సార్! మూడు దినాల నుంచి బోణీ లేదు. మీ గుడ్డ అట్లే ఉండాది. అడ్వాన్సు ఇస్తే ఇప్పుడే కత్తెర పెడతా.”

తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. గుడ్డ మడత విప్పకుండా అలమారలో ఉంది. వెనక్కి ఇమ్మనే మాట నోటి దాకా వచ్చింది. బోణీ వేళ ఇచ్చింది వెనక్కి అడగకూడదని మా వైపు పిల్లలకూ తెలుసు. ఇంత రాసుకున్నవాణ్ణి, ఏ వేళకు పోవాలో ఆలోచించలేదు.

“సారు జేబు తడుముకుంటాండాడు, అంతే,” అని నవ్వాడు కొనే మనిషి.

“ఒకటే కుట్టు. రెండోది తర్వాత చూద్దాం,” అని ఒక నోటు తీసి ఇచ్చాను.

దర్జీ నోటు కళ్లకద్దుకుని వెంటనే కత్తెర తీశాడు. నేను మనసు మార్చుకుంటానని భయపడ్డాడేమో.

“సరేలే అన్నా, రేపు ఇదే టైముకు వస్తా,” అంటూ కొనే మనిషి ఆటో ఎక్కాడు.

ఇంటికి రాగానే నా భార్య నా చేతుల వైపు చూసింది. “గుడ్డ యాడ?” జరిగింది చెప్పాను. “మన పిల్లోని జీతం ఆగితే ఆ సాయిబు తెచ్చి పెడతాడా?” అంది. డైరీలో మొదటి వరుస సగమే కొట్టేశాను.

మరునాడు పొద్దున నేను చూసేసరికి, నా భార్య రవిక గుడ్డ సంచిలో పెట్టుకుని వాకిట్లో చెప్పులేసుకుంటోంది.

“తొమ్మిది లోపల పోవల్ల,” అంది. “రేపటి సంగతి మాత్రం నన్ను అడగొద్దు.”