వేలు పట్టుకున్నవాళ్లకు టిక్కెట్టు లేదు

కడుపులో బిడ్డను చూసి కూడా, వీడు కత్తుల సినిమాకు ఏ వయసులో పనికొస్తాడో చెప్పేయగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. సినిమాహాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మా బాబాయి. ఆయన అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు. బడి మధ్యలో మానేసినవాణ్ణే కావచ్చు, ఈ మాట మాత్రం ఏ పంతులు ముందైనా బల్లగుద్ది చెబుతాను.

పోస్టరు మీద ఏం రాసినా ఆయన ఖాతరు చేసేవాడు కాదు. వరండాలో అద్దాల పెట్టెలో ఆ సినిమా ఫోటోలు ఉండేవి. పిల్లల్ని వాటి ముందు నిలబెట్టేవాడు. మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. నెత్తురోడుతున్న ఫోటో దగ్గర పక్కనున్న పెద్దవాళ్ల వేలు గట్టిగా పట్టుకున్నారో, ఇక ఇంటికే.

ఒకసారి ఓ పెద్దమనిషి కస్సుమన్నాడు. “మావాడు పులి! ఇంట్లో నన్నే కొడతాడు!”

“పులేనండీ. ముందు మీ వేలు చూసుకోండి, తెల్లగా పాలిపోయింది.”

ఆ వేలు విడిపించడానికి నలుగురం లాగాం. నమ్మరా? సరే, ఇద్దరం.

బాబాయికి ఒక్కతే కూతురు, అప్పటికి పదేళ్లది. నాకు చెల్లెలు. అంతకు రెండేళ్ల ముందు మా పిన్ని బస్సు ప్రమాదంలో పోయింది. “అమ్మ బస్సులో నిద్రపోతోందమ్మా. నిద్రలోనే పోయింది. దానికేం తెలీలేదు,” అని బాబాయి పిల్లకు చెప్పాడు. ఇంట్లో చూసేవాళ్లు లేక, సెలవు రోజుల్లో దాన్ని గేటు పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టుకునేవాడు.

ఒక ఆదివారం మ్యాటినీకి అది పేచీ పెట్టింది.

“ఊళ్లో పిల్లలందర్నీ పంపుతావు. నేనంటేనే లోకువ నీకు.”

“అయితే వెళ్లి ఫోటోల దగ్గర నిలబడు, చూద్దాం.”

నిలబడింది. బాబాయి జనం టిక్కెట్లు చింపుతూనే గేటు దగ్గర్నుంచి ఓ కన్నేశాడు. కత్తులు, మంటలు, నెత్తురు అన్నీ చూసింది పిల్ల. చేతులు రెండూ వదులుగా వేలాడుతున్నాయి. “పులంటే ఇదీ!” అని వరండా అంతా వినిపించేలా అరిచి, తలుపు తీశాడు.

గేటు మనిషికి సినిమా చూసే తీరిక ఉండదు, తలుపు ఇవతల నుంచి వింటాడు. ఇంటర్వెల్‌కు ముందొచ్చే పెద్ద చప్పుడును ఆయన కొండచరియ విరిగిపడడం అనుకున్నాడు. అది బస్సు. నిండా జనంతో వంతెన మీద నుంచి పడే బస్సు.

మామూలుగా అయితే ఇక్కడ నేను, బాబాయి తలుపు ఊడబెరికి, తెర చించి, పిల్లను భుజాన వేసుకొచ్చాడని రాసేవాణ్ణి. చెయ్యి రావడం లేదు. పిల్లే నడుచుకుంటూ బయటికి వచ్చి ఆయన ముందు నిలబడింది.

“నాన్నా, బస్సు పడేటప్పుడు అందరూ మేలుకునే ఉన్నారు.”

బాబాయి గుప్పిట్లో టిక్కెట్టు ముక్కలున్నాయి. “మీ అమ్మ మాత్రం నిద్రలోనే...”

“సరేలే నాన్నా,” అంది, ఏడుస్తున్న పసివాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

ఆ తర్వాత అమ్మ మాట దాని నోట రాలేదు. ఇప్పుడది ఉద్యోగం చేస్తోంది. తండ్రిని నవ్విస్తుంది, దగ్గర కూర్చుని అన్నం పెడుతుంది. ఆయన ఆ ఊసెత్తబోతే మాత్రం, ఇంకొంచెం కూర వేస్తుంది.

రాసిందంతా బాబాయికి చదివి వినిపించాను. ఆఖరిదాకా విని, ఒక్కసారి కూడా తప్పలేదన్న ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను.

“అది కొట్టెయ్‌రా. తప్పాను. చేతులు వదులుగా ఉన్నాయనుకున్నాను. పట్టుకోడానికి దాని పక్కన ఎవరూ లేరు. నేను టిక్కెట్లు చింపుతున్నాను.”