నా కాలి సంగతి

మా ఇంటి నుంచి చర్చి గుమ్మానికి నాలుగు వందల పన్నెండు అడుగులు. ఆ జనవరిలో రెండు వందల దగ్గర ఎడమ పిక్క పట్టేసేది. మార్చి మొదటి ఆదివారానికి తొంభైకి వచ్చింది. రెండు నిమిషాలు ఆగితే సర్దుకునేది. కడియంలో దారి పొడుగునా నర్సరీలే కాబట్టి, ఏదో ఒక మొక్క ధర అడుగుతున్నట్టు నిలబడేదాన్ని.

టీచరుగా రిటైరైనప్పటి నుంచీ, అంటే పంతొమ్మిదేళ్లుగా, చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని నేనే. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ ప్రార్థన అవసరమో రిజిస్టరులో రాసుకురావాలి. నడవలేనని తెలిస్తే ఆ పని పోతుంది. అందుకే దాచాను.

తొడలో రక్తనాళం పూడుకుపోయిందన్నారు రాజమండ్రి డాక్టరు. గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి, తీగ పంపి, బెలూనుతో వెడల్పు చేసి స్టెంటు పెడతారట. పెద్ద కోత లేదు. మర్నాడే ఇంటికి. తోడుకి పక్కింట్లో ఉండే మా ఆడపడుచునే అడిగాను.

"ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను వదినా!"

శుక్రవారం బల్ల మీద మెలకువగానే ఉన్నాను. తెర మీద మోకాలి పైనే ఆగిపోయిన నల్లటి గీత, అదే నా రక్తం పారే దారి, బెలూను ఉబ్బించి తీశాక పాదం దాకా సాగింది. నెలలుగా చల్లగా ఉన్న వేళ్లు వెచ్చబడ్డాయి. ఆరు గంటలు కాలు మడవొద్దన్నారు.

నాలుగో గంటలో సమాజం నుంచి ఒకావిడ ఫోను.

"టీచరుగారూ, తీసేశారాండీ? మోకాలికి పైకా, కిందికా?"

"ఏంటండీ తీసేది?"

"కాలండీ! నిన్న మీటింగులో మీ ఆడపడుచుగారు చెప్పి అందర్నీ ఏడిపించేశారు. మీరేం బెంగెట్టుకోకండి. రిజిస్టరు ఆవిడకే ఇచ్చేశాం."

ఆడపడుచు మంచం పక్కనే బత్తాయి ఒలుస్తోంది.

"కాలు తీసేస్తారన్నావా?"

"చిన్న జబ్బంటే ఎవరు గట్టిగా ప్రార్థిస్తారు వదినా?"

"మరి రిజిస్టరు?"

"ఎవరో ఒకరు రాయాలి కదా." బత్తాయి తొన నా చేతిలో పెట్టింది. తినలేదు.

పదమూడో రోజు, గురువారం మీటింగుకి ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్లాను. నా రెండు కాళ్లూ చూసి ఆడవాళ్లు స్తోత్రం చెప్పారు. మా ఆడపడుచు ప్రార్థనకే ఇంత జవాబు వచ్చిందన్నారు. స్టెంటు గురించి చెప్పబోతే ఎవరూ వినలేదు. రిజిస్టరు ఆవిడ ఒళ్లోనే ఉండిపోయింది.

అందర్నీ అడిగి, చివర్న నా వైపు తిరిగింది. "నీకేమన్నా అవసరతలున్నాయా వదినా?"

కుడి కాలి నాళం కూడా సన్నబడుతోందని ముందురోజే డాక్టరు చెప్పారు.

"ఏమీ లేవు. అలాగే రాసుకో," అన్నాను.